నాలుగింటి టీ ఒక్కదాన్నే తాగాలంటే మనసొప్పడం లేదు

తెనాలి_టీచర్

పోయిన జూన్‌లో రిటైరయ్యాను. తెనాలిలో ఇంటికి తాళం వేసి కొండాపూర్‌లో అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. పదకొండో అంతస్తు. అబ్బాయీ కోడలూ పొద్దున వెళ్తే రాత్రి ఎనిమిదికి గానీ రారు. మనవడు ఆరింటిదాకా డే కేర్‌లో ఉంటాడు. ఇంట్లో నాకు ఏ లోటూ లేదు, బాగా చూసుకుంటారు. నా ఇబ్బందల్లా సాయంత్రం నాలుగింటికే.

32 ఏళ్లు స్కూల్లో పనిచేశాను. లాస్ట్ బెల్లు కొట్టి పిల్లలు గేటు దాటగానే స్టాఫ్ రూమ్‌లో టీ. ఏడుగురం. ఎదురు కొట్టు కుర్రాడు కెటిల్‌లో తెచ్చి పోసేవాడు. ఎవరో ఒకరి సంచిలోంచి చేగోడీలో, మరమరాలో బయటికొచ్చేవి. హిందీ టీచర్ కూతురి సంబంధం కుదిరిందీ, లెక్కల మాస్టారి ఇంటి లోను తీరిందీ ముందు మాకే తెలిసేది.

మా అమ్మకు ఒక అలవాటు ఉండేది. టీకి నీళ్లు పోసేటప్పుడు ఎప్పుడూ ఒక గ్లాసు ఎక్కువ పోసేది. ఎవరికమ్మా అంటే "వచ్చేవాళ్లకి" అనేది. నిజంగానే ఎవరో ఒకరు వచ్చేవాళ్లు.

నిన్న నేను కూడా తెలియకుండానే ఒక గ్లాసు ఎక్కువ పోశాను. ఎవరూ రాలేదు. ఆ గ్లాసు మీద మీగడ కట్టింది. సింకులో పారబోస్తుంటే ఏడుపు ఆగలేదు.

ఎదురు ఫ్లాటు తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. తట్టి "టీ తాగుదాం రండి" అంటే ఏమనుకుంటారో అని సంకోచం. మీరు నాలుగింటి టీ ఎవరితో తాగుతున్నారు? కొత్త చోట ఎలా మొదలుపెట్టారు?

బెజవాడ_బస్టాండ్

తట్టండి మేడమ్. మహా అయితే "మేం తాగం" అంటారు. అంతకు మించి ఏం కాదు.

ఫిల్టర్_కాఫీ

తెనాలి వాళ్లయ్యుండి నాలుగింటికి టీ ఏమిటండీ? మా గుంటూరు వైపు ఆ టైముకి ఫిల్టర్ పెట్టకపోతే చుట్టాలు అలిగి వెళ్లిపోతారు.

తెనాలి_టీచర్

@ఫిల్టర్_కాఫీ పొద్దున కాఫీయే అండీ, అందులో రాజీ లేదు. సాయంత్రం మాత్రం టీ. మా నాన్నగారికి కాఫీ తాగితే నిద్ర పట్టేది కాదు. అలా ఇల్లంతా అలవాటైంది.

అమీర్‌పేట్_హాస్టల్

మేం ముగ్గురం రూమ్మేట్స్. కోచింగ్ క్లాసు మూడున్నరకి అయిపోతుంది. కిందికి దిగితే చాయ్ బండి. నెలాఖర్లో డబ్బులు అయిపోతే వన్ బై టూ చెప్పి, ఇంకో ఖాళీ గ్లాసు అడిగి ముగ్గురం పంచుకుంటాం. బండి అన్న చూసీ చూడనట్టు కొంచెం ఎక్కువే పోస్తాడు. మా ముగ్గురిలో ఒకడికి పోయిన వారం ఉద్యోగం వచ్చింది. ఆ రోజు ముగ్గురికీ మూడు ఫుల్ చాయ్‌లు చెప్పాడు. చేతిలో నిండు గ్లాసు పట్టుకుంటే ఏదో కొత్తగా ఉంది. వాడు శనివారం బెంగళూరు వెళ్లిపోతున్నాడు.

ఊరికే_ఉన్నా

"ఇంకో ఖాళీ గ్లాసు" దగ్గర ఆగిపోయాను తమ్ముడూ. మాది 1996, దిల్‌సుఖ్‌నగర్. అచ్చం ఇదే.

పాతబస్తీ_చాయ్

టీచర్ గారూ, మా నాన్న 27 ఏళ్లు నాంపల్లి వైపు ఒక ఇరానీ హోటల్‌లో చాయ్ కౌంటర్ మీద పనిచేశారు. స్కూలు అయ్యాక నేను అక్కడే కూర్చుని హోంవర్క్ రాసుకునేదాన్ని. అందుకే ఆ టైము సంగతి నాకు బాగా తెలుసు.

ఇరానీ చాయ్‌లో డికాక్షన్ వేరు, పాలు వేరు. మూత గట్టిగా బిగించిన పెద్ద రాగి గిన్నెలో డికాక్షన్ సన్న సెగ మీద మగ్గుతూ ఉంటుంది. పక్క పొయ్యి మీద పాలు చిక్కబడేదాకా కాగుతూ ఉంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. నాన్న ముందు డికాక్షన్ పోసి, పైనుంచి పాలు వదిలేవారు. తెల్ల కప్పులో ఆ రంగు తిరగడం చూస్తూ నేను ఎక్కాలు మర్చిపోయేదాన్ని. ఇరాన్‌లో పాలు లేని చాయే తాగుతారు, చక్కెర ముక్క పళ్ల మధ్య పెట్టుకుని. యజ్ద్ వైపు నుంచి బొంబాయి, పూణె మీదుగా మా ఊరికి వచ్చినవాళ్లు ఇక్కడి నాలుకకు తగ్గట్టు పాలు కలిపారు.

అసలు చెప్పాలనుకున్నది టేబుల్ గురించి. పాలరాయి పలక వేసిన టేబుల్, చుట్టూ నాలుగు కుర్చీలు. ఒక కుర్చీ ఖాళీగా ఉంటే చాలు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. అడగక్కర్లేదు. కోర్టు గుమాస్తా, ఆటో డ్రైవరు, అత్తరు అమ్మే ముసలాయన ఒకే టేబుల్ దగ్గర. ఒకాయన ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు మధ్యలోకి జరిపేవాడు. బిస్కెట్‌కి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు ఉన్నా, తినేది మాత్రం అందరూ. తియ్యగా ఉంటుంది, చివర్లో ఉప్పు తగులుతుంది. చాయ్‌లో ముంచితే రెండు సెకన్లు. మూడో సెకనుకి కప్పు అడుగుకి పోతుంది.

మీ అపార్ట్‌మెంట్‌లో తలుపులున్నాయి గానీ అలాంటి టేబుల్ లేదు. ముందు అది వెతకండి. తలుపు తట్టించుకున్నవాళ్లు ఔననో కాదనో చెప్పాలి. టేబుల్ దగ్గరికైతే ఎవరికి వాళ్లే వస్తారు.

బెజవాడ_బస్టాండ్

ఇది నాకు తట్టలేదు. కింద పార్కులో బెంచీలు ఉంటాయి కదా మేడమ్, అక్కడికి ఫ్లాస్కు పట్టుకెళ్లండి.

గేటెడ్_గోపాలం

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. "రేపు 4కి పార్కులో టీ." అయిపోయింది.

మూడో_బ్లాకు

@గేటెడ్_గోపాలం అది మాత్రం వద్దండీ. మా గ్రూపులో 600 మంది. నేను అలాగే పెట్టాను. 40 బొటనవేళ్లు వచ్చాయి, ఒక్క మనిషి రాలేదు. నీళ్ల ట్యాంకరు, పార్కింగు గొడవల మధ్య టీ ఎవరికి కనపడుతుంది? మొహం చూసి పిలిస్తేనే వస్తారు.

డాలస్_చలి

మా అమ్మ నెల్లూరులో, నేను డాలస్‌లో. ఎండాకాలంలో అమ్మకి సాయంత్రం 4 అయితే నాకు తెల్లవారుజామున 5:30. అలారం పెట్టుకుని లేచి, పొయ్యి మీద గిన్నె పెట్టి వీడియో కాల్ చేస్తాను. అక్కడ అమ్మ గిన్నె, ఇక్కడ నా గిన్నె. ఇద్దరం ఒకేసారి వడకడతాం. నవంబరులో ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు, అప్పుడు అమ్మ 4 నాకు 4:30 అవుతుంది. నేను లేవలేనని అమ్మే తన టీ 5కి మార్చుకుంది. డెబ్బై ఏళ్ల అలవాటు నా కోసం గంట జరిపింది. నాలుగున్నరకి ఎదురింటి పిన్ని వచ్చినా "అమ్మాయి లేచాక తాగుదాం" అంటుందట. ఇప్పుడు పిన్ని కూడా కాల్‌లోకి వస్తోంది.

తెనాలి_టీచర్

@డాలస్_చలి మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. చదివి కళ్లు తుడుచుకున్నాను.

డ్యూటీ_సిస్టర్

అందరూ ఒప్పుకోకపోవచ్చు, అయినా చెప్తాను. నేను నర్సుని. పొద్దున 8 నుంచి మనుషుల మధ్యే ఉంటాను. నొప్పి, ఏడుపు, అటెండర్ల కేకలు. నాలుగింటికి పది నిమిషాలు దొరికితే మెట్ల కింద ఒక్కదాన్నే నిలబడి టీ తాగుతాను. ఎవరైనా కంపెనీ ఇస్తానంటే చేతులు జోడిస్తాను. ఆ పది నిమిషాలు నాతో ఎవరూ మాట్లాడకపోవడమే నాకు విశ్రాంతి. కాబట్టి టీచర్ గారూ, మీ ఎదురింటావిడ తలుపు తీయకపోతే మీ మీద కోపం అనుకోవద్దు. ఆవిడకి ఆ టైములో నిశ్శబ్దం కావాలేమో.

ఊరికే_ఉన్నా

@డ్యూటీ_సిస్టర్ మీ మాట కాదనలేం. కానీ మీ ఒంటరి టీ మీరు ఎంచుకున్నది. టీచర్ గారిది ఆవిడ కోరుకోకుండా వచ్చింది. అదే తేడా.

డ్యూటీ_సిస్టర్

నిజమే. ఆదివారం మాత్రం అక్కతో తాగుతాను.

టీపొడి_కొట్టు

పార్కులో పదిమందికి పోయాలంటే టీ బాగుండాలి కదా, నాకు తెలిసింది చెప్తాను. 18 ఏళ్లుగా లూజు టీపొడి అమ్ముతున్నాను. మన దగ్గర అందరూ వాడేది సీటీసీ, అంటే ఆకుని నలిపి, చీల్చి, ఉండ చుట్టిన పొడి. అందులోనే సన్నగా ఉండేది డస్టు. డస్టు రంగు త్వరగా దిగుతుంది, చిక్కగా వస్తుంది. బండ్ల వాళ్లు అందుకే అదే కొంటారు. కాస్త పెద్ద గింజ ఉన్నదైతే వాసన బాగుంటుంది. ఇంటికి రెండూ కలిపి పట్టుకెళ్లమంటాను. అస్సాం పొడి చిక్కదనం ఇస్తే నీలగిరి పొడి పరిమళం ఇస్తుంది.

ఒక జాగ్రత్త. టీపొడి పక్కనున్న వాసన ఏదైనా పీల్చేస్తుంది. ఇంగువ, ధనియాల డబ్బాల పక్కన పెట్టకండి. ఒకావిడ మా పొడి బాలేదని డబ్బా తెచ్చి చూపించారు. మూత తీస్తే సాంబారు వాసన.

ఫిల్టర్_కాఫీ

అల్లం ఎప్పుడు వేయాలి? మా ఇంట్లో రెండుసార్లు పాలు విరిగాయి. అప్పటినుంచే కాఫీ వైపు ఇంకా గట్టిగా నిలబడ్డాం.

టీపొడి_కొట్టు

అల్లం దంచి ముందు నీళ్లలోనే వేయాలి సార్. రెండు మూడు నిమిషాలు తెర్లాలి. పచ్చి అల్లానికి పాలని విరగ్గొట్టే గుణం ఉంది, నీళ్లలో బాగా మరిగితే అది పోతుంది. తర్వాత పొడి, ఆ తర్వాత పాలు. బెల్లం టీ అయితే పొయ్యి మీంచి దించాకే బెల్లం కలపాలి.

కర్నూలు_కారం

నీళ్లు లేకుండా ఉట్టి పాలతో కాస్తేనే టీ. మిగతాదంతా రంగు నీళ్లు.

టీపొడి_కొట్టు

@కర్నూలు_కారం అలా కాస్తే పాల రుచే తెలుస్తుందన్నా, పొడి రుచి దిగదు. సగం సగం కలిపి ఒకసారి చూడండి.

కర్నూలు_కారం

చూశాను. ఉట్టి పాలే.

పోషణ_పాఠం

న్యూట్రిషన్ చదువుతున్నాను, హైదరాబాద్‌లోనే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో టీ గురించి కూడా ఉంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ తాగొద్దన్నారు. టీలోని టానిన్లు తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే కాబట్టి ఇది పట్టించుకోవాల్సిన మాటే. కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. 150 మిల్లీలీటర్ల కప్పు టీలో 30 నుంచి 65 దాకా ఉంటుంది.

అంటే ఒంటిగంటకి అన్నం తిని నాలుగింటికి టీ తాగేవాళ్లు సరైన టైములోనే తాగుతున్నట్టు. ఆపాల్సింది అన్నం తినగానే తాగే కప్పు. ఇంకో సంగతి, ఆ సంస్థ 1918లో మొదలైంది కూనూరులో, టీ తోటల మధ్య. హైదరాబాద్‌కి వచ్చింది 1958లో.

ఫిల్టర్_కాఫీ

కాఫీ లెక్క కూడా చెప్పమ్మా, వింటాం.

పోషణ_పాఠం

ఫిల్టర్ కాఫీ అయితే అదే కప్పుకి 80 నుంచి 120 అంకుల్. రెండు కప్పుల దగ్గర ఆపేయండి.

దుబాయ్_జగిత్యాల

ఇక్కడ మా రూములో ఎనిమిది మందిమి. నలుగురు మా జిల్లా వాళ్లు, ఇద్దరు నేపాల్, ఒకతను పెషావర్, ఒకతను సిల్హెట్. డ్యూటీ పొద్దున్నే మొదలవుతుంది, రూముకి చేరేసరికి నాలుగున్నర. ఎవరు ముందొస్తే వాళ్లు స్టవ్ మీద చాయ్ పెట్టాలి, అది మా రూలు. డబ్బా పాలు, ఏలకులు, మస్తుగా చక్కెర. ఇక్కడ కరక్ అంటారు. సిల్హెట్ అన్న పాలు ముట్టడు, ఆయనకి నిమ్మకాయ పిండిన సులేమానీ వేరే. ఎవరి భాష వాళ్లది, కొంచెం హిందీతో నడిపిస్తాం.

పోయినేడు మా నాయన చనిపోయిండు. టికెట్ దొరకలేదు, అంత్యక్రియలకు అందలేదు. ఆ రోజు పెషావర్ అతను చాయ్ పెట్టి నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. చాయ్ చల్లారితే తీసుకెళ్లి మళ్లీ వేడి చేసి తెచ్చాడు. అట్ల మూడుసార్లు. ఇంతకంటే నాకు రాయడం రాదు.

ఊరికే_ఉన్నా

ఏం రాయాలో తెలియడం లేదు తమ్ముడూ. మీ నాన్నగారి ఆత్మకి శాంతి కలగాలి.

పాతబస్తీ_చాయ్

ఆ పెషావర్ అన్నకి మా అందరి తరఫున సలాం చెప్పు.

గోదారి_గట్టు

అందరూ టీ కలిపే సంగతి రాస్తున్నారు. అది విడదీసిన సంగతి కూడా ఒకటుంది. రాయకుండా వెళ్లిపోవడం నాకు సరిగా అనిపించలేదు.

మా నాన్న చిన్నప్పుడు మా ఊళ్లో టీ కొట్టు ముందు చూరులో గ్లాసులు గుచ్చి ఉండేవి. మా పేట వాళ్లకి అవి. లోపల బల్ల మీద ఉండేవి మిగతా వాళ్లకి. నాన్న చూరులోంచి గ్లాసు తీసుకుని, కడుక్కుని, నేల మీద పెట్టేవాడు. పైనుంచి టీ పోసేవాళ్లు. తాగి, మళ్లీ కడిగి, చూరులో గుచ్చి, డబ్బులు నేల మీద పెట్టి రావాలి. రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్లలోకి వెళ్లే హక్కు రాసి ఉంది, 17వ అధికరణంలో అంటరానితనం రద్దయింది, 1955లో చట్టమూ వచ్చింది. చూరులో గ్లాసు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అక్కడే ఉంది.

నాన్న తర్వాత రాజమండ్రిలో క్లర్కు అయ్యాడు. మొదటి రోజు నాలుగింటికి ఆఫీసులో అటెండరు ట్రేలో అందరికీ ఒకే రకం కప్పులు తెచ్చాడట. నాన్న తాగేసి, అలవాటుగా కప్పు కడగడానికి లేచాడు. పక్క సీటు ఆయన "కూర్చోవయ్యా, అన్నీ కలిపి తీసుకెళ్తాడు" అన్నాడు. ఆ మాట నాన్న చనిపోయేదాకా చెప్పేవాడు. టీ ఎలా ఉందో ఎప్పుడూ చెప్పలేదు. కూర్చోమన్న సంగతే చెప్పేవాడు.

బెజవాడ_బస్టాండ్

రాసినందుకు థాంక్సండీ. మా ఊళ్లోనూ ఉండేది. నేను చూశాను.

కర్నూలు_కారం

అది పాత రోజుల మాట కదా. ఇప్పుడెక్కడుంది? అన్నీ పేపర్ కప్పులే.

గోదారి_గట్టు

@కర్నూలు_కారం కొట్లలో పోయి ఉండొచ్చు అన్నా. ఇంట్లో పనిచేసే అమ్మకి టీ ఏ గ్లాసులో ఇస్తున్నారో ఒకసారి వంటింట్లోకి వెళ్లి చూడండి.

తెనాలి_టీచర్

గోదారి_గట్టు గారూ, రాత్రి మీ పోస్టు చదివి లేచి వంటింట్లోకి వెళ్లాను. ఇక్కడ వంటింటి కిటికీ దగ్గర ఒక గ్లాసు విడిగా ఉంది, అంచు సొట్టపోయింది. తెనాలిలో మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. వచ్చేవాళ్లకి ఒక గ్లాసు టీ ఎక్కువ కాచిన మా అమ్మే దాన్ని విడిగా పెట్టింది. నేను 32 ఏళ్లు పిల్లలకి సమానత్వం పాఠం చెప్పాను. ఆ గ్లాసు నా కంటికి కనపడలేదు.

గోదారి_గట్టు

మీరు లేచి వెళ్లి చూశారు. నాకు అది చాలు టీచర్ గారూ.

డాలస్_చలి

టీచర్ గారూ, ఇంతకీ తలుపు తట్టారా?

తెనాలి_టీచర్

తొమ్మిది రోజులైంది, వివరంగా చెప్తాను.

తట్టాను. ఎదురింటావిడది బరంపురం. ఒడిశా అని తెలిసి హిందీలో మొదలుపెట్టబోతే ఆవిడ చక్కటి తెలుగులో "రండి లోపలికి" అన్నారు. పద్నాలుగు నెలలుగా ఆవిడ కూడా బాల్కనీలో ఒక్కతే కూర్చుని టీ తాగుతున్నారట. గోడకి ఇవతల నేను, అవతల ఆవిడ. మొదటి రోజు వాళ్లింట్లో, రెండో రోజు మా ఇంట్లో. మూడో రోజు పాతబస్తీ_చాయ్ చెప్పిన టేబుల్ గుర్తొచ్చి కిందికి దిగాం. మా బ్లాకు వెనక కానుగ చెట్టు ఉంది, దాని కింద రెండు బెంచీలు ఎదురెదురుగా. పెద్ద ఫ్లాస్కు, ఎనిమిది స్టీలు గ్లాసులు పట్టుకెళ్లాను. ఎనిమిదీ ఒకే సెట్టువి, నా రిటైర్మెంటుకి స్కూలువాళ్లు ఇచ్చినవి. సొట్ట గ్లాసు పాత సామాన్లవాడికి వేసేశాను.

మొదటి రెండు రోజులు మేమిద్దరమే. తర్వాత వాకింగ్‌కి వచ్చే ఒక పెద్దాయన ఆగారు. రిటైరైన రైల్వే గార్డు. ఒక బాలింత పాపని ఎత్తుకుని వచ్చింది, ఇంట్లో తోచడం లేదని. నిన్న ఆరుగురం అయ్యాం.

ఆ పక్కనే ఆకులు ఊడ్చే హౌస్‌కీపింగ్ అమ్మ ఉంటుంది. "రామ్మా, టీ తాగు" అన్నాను. "నా గ్లాసు తెచ్చుకుంటా ఉండమ్మా" అని గదివైపు కదిలింది. నా గొంతు పట్టేసింది. "ఇక్కడ అందరివీ ఇవే గ్లాసులు, కూర్చో" అన్నాను. చీపురు చెట్టుకి ఆనించింది, చేతులు కొంగుకి తుడుచుకుంది, బెంచీ చివర సగం మీదే కూర్చుంది. గార్డు గారు జరిగారు. అప్పుడు ఇంకొంచెం లోపలికి జరిగి కూర్చుంది. రెండు గుక్కలు తాగి నా వైపు చూసి "అల్లం తక్కువైంది టీచరమ్మా" అంది.

టీపొడి_కొట్టు

సరిగ్గా చెప్పింది. ఆరుగురికి బొటనవేలంత ముక్క పడాలి.

గోదారి_గట్టు

ఆమె పేరు అడిగారా?

తెనాలి_టీచర్

అడిగాను. ఊరు వనపర్తి దగ్గర. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది టెన్త్‌లో ఉందట, లెక్కలంటే భయపడుతోందట. రేపు నాలుగింటికి తీసుకురమ్మన్నాను. పాలు ఇంకో అర లీటరు చెప్పాను.

దుబాయ్_జగిత్యాల

మా అమ్మది కూడా అదే పని, జగిత్యాల బస్టాండ్ దగ్గర. రేపు ఫోన్ చేసినప్పుడు చెప్తా.